ఆగే ఆట, ఆగనివ్వని ఆట

ఏప్రిల్ సగం దాటిందంటే కర్నూలు, నంద్యాల, కడపల్లో పొద్దున పదకొండుకే వీధులు ఖాళీ అవుతాయి. 43 డిగ్రీల ఎండలో పిల్లోణ్ని బయటికి పోయి ఆడుకోమని ఏ తల్లీ అనదు. ఇంట్లోనే ఉండమంటాం. ఫ్యాను కింద కూర్చున్న పిల్లోడి చేతికి అందేది ఫోనే. సాయంత్రానికి మన ఓపిక అయిపోతుంది. “పొద్దస్తమానం ఆ గేములేందిరా? దానివల్ల ఏమొస్తుంది?” అని గట్టిగా అడుగుతాం. అడగాల్సిన ప్రశ్నే అది. కాకపోతే కోపంలో అడిగితే జవాబు రాదు. అందుకే పిల్లలు పక్కన లేనప్పుడు, తీరిగ్గా, మనలో మనం ఈ సంగతి మాట్లాడుకుందాం.

ముందుగా ఒకటి గుర్తు చేసుకోవాలి. ఆ ఫోను పిల్లలు మన దగ్గర లాక్కున్నది కాదు. 2020లో బడులు మూతపడి ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు అప్పు చేసైనా మనమే కొనిచ్చాం. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు సర్కారే ట్యాబులు ఇచ్చింది. చదువు కోసం ఇంట్లోకి వచ్చిన తెర మీద ఆటలు కూడా ఉంటాయని అప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. కాబట్టి పిల్లోడు ఫోన్ పట్టుకోవడమే ఒక నేరమన్నట్టు మాట మొదలుపెడితే వాడు మన మాట వినడు. వినకపోవడంలో వాడి తప్పు కూడా లేదు.

ఇక అసలు ప్రశ్న. వీడియో గేములాడటం ఖాళీ సమయానికి తగిన పనేనా? నా జవాబు, తగిన పనే. అది నిజంగా ఆటగా ఉన్నంతవరకు.

మన ఊళ్ల రచ్చకట్ట బండల మీద, పాత గుళ్ల మండపాల్లో నేల మీద పులిజూదం గళ్లు చెక్కి ఉంటాయి. మధ్యాహ్నం ఎండకు పనిలేని పెద్దోళ్లు అక్కడ గంటలు గంటలు కూర్చుని పులులూ మేకలూ జరిపేవాళ్లు. ఇళ్లలో ఆడవాళ్లు వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడేవాళ్లు. దానివల్ల ఏమొచ్చిందని వాళ్లను ఎవరూ లెక్క అడగలేదు. ఆ పొద్దు హాయిగా గడిచింది, నలుగురూ నవ్వుకున్నారు, అంతే చాలు. మన పిల్లల ఆటను మాత్రం మార్కుల తక్కెడలో తూస్తున్నాం. తూకానికి రాకపోతే దండగ అంటున్నాం. ఈ తీరు నాకు సరిగా తోచదు. ఆటకు ఆనందమే లాభం. పిల్లోడికి మిగిలిన లాభాలు అందితే సంతోషం, అందకపోతే ఆట చెడ్డదైపోదు.

మిగిలిన లాభాలు కూడా కొన్ని లేకపోలేదు. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ గ్రీన్, డాఫ్నె బావెలియే అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. వేగంగా సాగే యాక్షన్ గేములు ఆడేవాళ్లకు చూపు మీద పట్టు, ఒకేసారి నాలుగు వైపులా గమనించే శక్తి ఎక్కువగా ఉంటాయని, ఆడనివాళ్లకు కొంత తర్ఫీదు ఇస్తే వాళ్లలోనూ అది మెరుగవుతుందని చూపించారు. అలాగని దీన్ని పట్టుకుని గేములాడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అది వేరే సంగతి. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఇటుక మీద ఇటుక పేర్చి కర్నూలు కొండారెడ్డి బురుజు లాంటిది కట్టే పిల్ల తన ఊహకు రూపమిస్తోంది. ఫోన్‌లో చదరంగం ఆడే పిల్లోడు ఓటమిని తట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. నలుగురు కలిసి స్క్వాడ్ కట్టి ఆడే పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడం, ఆగడం, సాయానికి పోవడం నేర్చుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, వాళ్ల స్నేహితులు అక్కడే ఉన్నారు. ఒకడు ప్రొద్దుటూరులో, ఒకడు ఆదోనిలో, ఇంకొకడు విజయవాడ హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికొచ్చి. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు ఇప్పుడు కలుసుకునే చోటు ఆ ఆట ఒక్కటే.

ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలను వేసిన తల్లిదండ్రులకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట. తెల్లారకముందే లేచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లోడు దసరాకో సంక్రాంతికో నాలుగు రోజులు ఇంటికొస్తాడు. వచ్చిన రోజే ఫోన్ పట్టుకుని పడుకుంటే మీకు గుండె చివుక్కుమంటుంది. ఫీజులు గుర్తొస్తాయి. కానీ వాడికి ఏడాదిలో ఖాళీ అంటూ ఉన్నది ఆ నాలుగు రోజులే. మొదటి రెండు రోజులూ వాణ్ని ఆడనివ్వండి. మూడో రోజుకు వాడే లేచి మీ పక్కకు వచ్చి కూర్చుంటాడు. రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

నేను ఆటను ఇంతగా వెనకేసుకొస్తుంటే, మరి భయపడాల్సింది ఏదీ లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. కాకపోతే అది మనం సాధారణంగా చూసే చోట లేదు.

పులిజూదంలో మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేస్తే ఆట అయిపోయింది. చదరంగంలో రాజు చిక్కితే అయిపోయింది. క్రికెట్‌లో ఓవర్లు అయిపోతాయి, చీకటి పడుతుంది, ఎవరి ఇంటికి వాళ్లు పోతారు. ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా ఆడే ఆటలు చాలావరకు అయిపోవు. ఒక్కో మ్యాచ్ అయిపోతుంది కానీ ఆట అయిపోదు. ర్యాంకు ఇంకా పైకి పోవాలి, సీజన్ ముగిసేలోగా ఇంకో బహుమతి అందుకోవాలి, రోజూ లాగిన్ కాకపోతే వచ్చేది పోతుంది. ఆగాలని పిల్లోడు అనుకున్నప్పుడల్లా ఆగొద్దని ఏదో ఒకటి లాగుతుంది. అలా తయారు చేసినందుకే కంపెనీకి డబ్బు.

ఈ లాగుడు ఎట్లా పనిచేస్తుందో కర్నూలు జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాలకు జనం వజ్రాల కోసం వస్తారు. పనులు మానుకుని, సద్ది కట్టుకుని, పొద్దున్నుంచి వంగి నేలను వెతుకుతారు. చాలామందికి ఏమీ దొరకదు. అయినా మరుసటి రోజు వస్తారు. ఎందుకంటే పక్క చేనులో ఎవరికో దొరికిందని విన్నారు. రోజూ ఖాయంగా దొరికేదైతే అంత ఆశ ఉండదు. ఎప్పుడో ఒకసారి దొరికేది కాబట్టే మనిషిని వదలదు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే ఫోన్ ఆటలో పిల్లలు డబ్బు పెట్టి కొనే వాటినీ డైమండ్లనే అంటారు. ఆ డైమండ్లతో చక్రం తిప్పితే ఒక్కోసారి మంచి తుపాకీ రంగో, కొత్త దుస్తులో వస్తాయి. చాలాసార్లు రావు. స్నేహితుడికి వచ్చిందని తెలిసి మళ్లీ తిప్పుతారు. పెద్దవాళ్లం, నేల మీద నిలబడి వెతికేవాళ్లం, మనమే ఆ ఆశకు లొంగుతామే! పదమూడేళ్ల పిల్లోడు లొంగాడని వాణ్ని చేతకానివాడు అనడం న్యాయం కాదు.

కాబట్టి మీ ఇంట్లో చూడాల్సింది గేమ్ ఉందా లేదా అని కాదు. ఏ గేమ్, దాన్ని ఎవరు ఆపుతున్నారు అని. పిల్లోడు తనంతట తాను ఆపి లేవగలుగుతున్నాడా, లేక ప్రతిసారీ మీరో, ఛార్జింగో ఆపాల్సి వస్తోందా? రెండోది అయితే ఆ గేమ్ మీద ఓ కన్నేసి ఉంచండి. డబ్బు అడిగే గేమ్ అయితే ఇంకా జాగ్రత్త.

సర్కారు నిషేధిస్తుందిలే అని ఊరుకోవద్దు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ ఆటతో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు చాలామంది తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ నిషేధానికి కారణం దేశ భద్రత, సమాచార భద్రత. పిల్లల నిద్ర కాదు. మరుసటి ఏడాది జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జూలైలో పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధిస్తే పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు మారారు. తిరిగొచ్చినప్పుడు బీజీఎంఐ కంపెనీ 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటల హద్దు పెట్టింది. ఆ హద్దు కంపెనీది. మీ ఇంటికి సరిపడే హద్దు మీరే పెట్టుకోవాలి. పైగా మామ ఫోన్ నంబరుతో, పెద్ద వయసు వేసి లాగిన్ అయ్యే పిల్లలకు ఆ 3 గంటలు కూడా అడ్డు కాదు.

చైనా 2019లో పిల్లలకు మామూలు రోజుల్లో గంటన్నర, సెలవుల్లో 3 గంటలు అని నియమం పెట్టింది. కోట్లాది ఆటగాళ్ల ఖాతాల సమాచారం చూసిన పరిశోధకులు, ఆ నియమం వచ్చాక అతిగా ఆడటం తగ్గినట్టు ఆధారం కనిపించలేదని 2023లో రాశారు. అంత బలమైన సర్కారు చేయలేనిది మన చేతుల్లో ఉందని నేను నమ్ముతాను. ఎందుకంటే సర్కారు పిల్లోడి పక్కన కూర్చోలేదు, మనం కూర్చోగలం.

డబ్బుతో ఆడే ఆటల దగ్గర మాత్రం నాకు రెండో మాట లేదు. రమ్మీ, పోకర్, పందెం పెట్టి ఆడే ఏ ఆటైనా పిల్లలకూ వద్దు, పెద్దలకూ వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లకు శిక్ష లేదు. ఇది గుర్తు పెట్టుకోండి. కొడుకు పందెంలో డబ్బు పోగొట్టుకుంటే పోలీసులు వాణ్ని పట్టుకుపోతారని భయపడి దాచొద్దు. మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. చట్టం వచ్చినా టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకులు వస్తూనే ఉంటాయి. ఇంట్లో నాయన ఐపీఎల్ మ్యాచ్ మీద పందెం కాస్తూ కొడుకును గేమ్ ఆడొద్దంటే ఆ మాట చెల్లదు.

రోజుకు ఎన్ని గంటలు? ఎక్కువమంది తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాదాపు 39 వేల మంది పెద్దవయసు ఆటగాళ్లను ఆరు వారాలు గమనించి 2022లో ఒక సంగతి చెప్పారు. ఎన్ని గంటలు ఆడారన్న దానికీ, వాళ్ల మనసు ఎట్లా ఉందన్న దానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఇష్టంతో ఆడుతున్నారా, ఆడక తప్పదన్నట్టు ఆడుతున్నారా అన్నదే తేడా చూపింది. పిల్లల సంగతి పెద్దలంత తేలిక కాదు. వాళ్లకు నిద్ర కావాలి, ఎదుగుదల కావాలి. అయినా ఆ తేడా వాళ్లలోనూ చూడాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ అనేదాన్ని చేర్చింది. అందులో గంటల లెక్క లేదు. మూడు గుర్తులు చెప్పారు. ఆట మీద అదుపు పోవడం, తిండి, చదువు, స్నేహాలన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా ఆపలేకపోవడం. ఇవి మామూలుగా ఏడాది పాటు ఉంటేనే జబ్బు అంటారు. వేసవిలో రెండు నెలలు గేములాడిన పిల్లోడికి జబ్బు అంటగట్టొద్దు. నిద్ర పోయి, తిండి పోయి, మాట పోయిన పిల్లోణ్ని మాత్రం కాలమే మారుస్తుందిలే అని వదలొద్దు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలోనూ, కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసమే షట్ క్లినిక్ అని నడుస్తోంది. కదలలేకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలిమానస్ అనే ఆ మానసిక ఆరోగ్య సేవలో తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని చెబుతాను. మొదటిది, ఒక్కసారి పక్కన కూర్చుని వాడు ఆడేది చూడండి. అడగండి, “ఇదేంది నాయనా, ఇప్పుడు ఏం చేస్తున్నావు?” అని. నిజంగా తెలుసుకోవాలని అడిగితే వాడు ఎంత చెబుతాడో చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆటలో మైకు పెట్టుకుని మాట్లాడే అపరిచితుడు ఫోటో అడిగినా, ఊరు పేరు అడిగినా, డబ్బు పంపుతానన్నా వెంటనే మీకు చెప్పాలని అప్పుడే నేర్పండి. చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయం ఉంటే మాత్రం చెప్పడు.

రెండోది, గడియారం చూసి కాదు, మ్యాచ్ చూసి ఆపించండి. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మ్యాచ్ పది నిమిషాలకు అటూ ఇటూ అయిపోతుంది, బీజీఎంఐ మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. మధ్యలో నిలిపి తర్వాత ఆడటం కుదరదు. నలుగురి జట్టులో ఒకడు లేచిపోతే మిగిలిన ముగ్గురికీ గెలవడం కష్టమవుతుంది. మీరు అన్నం తినడానికి రమ్మని కేకేసినప్పుడు “ఒక్క మ్యాచ్ అంతే మా” అని వాడు అరిచేది అందుకే, పొగరుతో కాదు. “ఈ మ్యాచ్ అయిపోగానే రా, ఇంకోటి మొదలుపెట్టొద్దు” అని చెప్పి చూడండి. ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి. మాట ఇచ్చి ఇంకో మ్యాచ్ మొదలుపెడితే మరుసటి రోజు ఆట లేదు. అది ముందే చెప్పండి, చెప్పినట్టే చేయండి.

యూపీఐ పిన్ను పిల్లలకు చెప్పొద్దు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. చేతకాకపోతే పక్కింటి డిగ్రీ పిల్లోణ్ని పిలిచి పెట్టించుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట ఛార్జింగుకు పెట్టండి. అందరివీ అన్నాను. కోపంలో ఫోన్ నేలకేసి కొట్టొద్దు. అప్పటిదాకా మీతో ఏదో ఒకటి చెప్పే పిల్లోడు ఆ రోజు నుంచి చెప్పడం మానేస్తాడు.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఇళ్ల కష్టం ఇంకోటి. జనవరి వచ్చిందంటే అమ్మా నాయనా మిరపకోతలకు గుంటూరు పోతారు. పిల్లోడు అవ్వ దగ్గరో సీజనల్ హాస్టల్‌లోనో ఉంటాడు. చేతికి ఫోన్ ఇచ్చేది మాట్లాడుకోడానికే. రాత్రి మాట్లాడాక మిగిలిన రాత్రంతా గేములతో పోతుంది. అవ్వకు ఆ ఫోన్ గురించి ఏమీ తెలియదు. ఇలాంటి పిల్లోణ్ని గేములాడుతున్నావని తిట్టి లాభం లేదు, అమ్మ లేని ఇంట్లో వాడికి తోడు అదే. పనికి పోయిన తల్లిదండ్రులు ఒక పని చేయొచ్చు. ఫోన్ రోజూ ఒకే వేళకు చేయండి. అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు. మాట అయిపోయాక ఫోన్ అవ్వ తలదిండు కింద పెట్టేలా వాడితోనే మాట తీసుకోండి. ఊళ్లో టీచరమ్మకు చెప్పి పోండి. రేపు ఫలానా పిల్లోడు నిద్రమత్తులో బడికొస్తే గమనించేది ఆమె ఒక్కరే.

ఇంతదాకా ఎక్కువగా పిల్లోడు, పిల్లోడు అనే రాశాను. కారణముంది. ఖాళీ సమయం పాడుచేస్తున్నావన్న తిట్టు మన ఇళ్లలో ఎక్కువగా మగపిల్లలకే పడుతుంది. ఆడపిల్లకు పాడుచేసుకోడానికి ఖాళీ ఉండదు. అంట్లు, నీళ్లు, తమ్ముడి అన్నం. పన్నెండేళ్లు దాటితే వీధి ఆటా బంద్. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఎడంచేతి స్పిన్‌తో 2025 నవంబరులో మహిళల ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది. టీవీ ముందు మనమందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు కొట్టిన ఇంట్లోనే కూతురికి సాయంత్రం ఒక గంట ఆడుకునే హక్కు ఉందా? ఫోన్‌లోనైనా, బయటైనా? ముందు అది ఇవ్వండి.

చివరికి మాట తిరిగి తిరిగి ఆడుకునే చోటు దగ్గరికే వస్తుంది. సాయంత్రం ఐదున్నరకు ఎండ తగ్గుతుంది. అప్పుడు పిల్లలు ఎక్కడికి పోవాలి? కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, పుట్లంపల్లెలో స్పోర్ట్స్ స్కూలుంది, కర్నూలులో స్టేడియం ఉంది. అవి అందరికీ దగ్గర కావు. చాలా వార్డుల్లో, చాలా ఊళ్లలో ఉన్నది మాత్రం బడి మైదానం. వేసవి సెలవుల్లో దానికి తాళం వేసి ఉంటుంది. మైదానానికి తాళం వేసి, ఫోన్ పట్టుకున్నాడని పిల్లోణ్ని తిట్టడం మనకు తగదు. ఈసారి సెలవులు మొదలవక ముందే మీ వీధిలో నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి హెడ్మాస్టరు దగ్గరికి పోండి. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా గేటు తీయమని అడగండి. తాళంచెవి బాధ్యత మేం తీసుకుంటామని రాసివ్వండి. రోజుకొకరు అక్కడ కూర్చోండి. ఆడపిల్లలకూ ఆ వేళలో చోటు ఉండాలని గట్టిగా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే మండల విద్యాధికారిని (ఎంఈఓను) అడగండి, మీ ఊరి లేదా వార్డు కార్యాలయంలో అర్జీ పెట్టండి. తాళం తెరిచేదాకా అడగడం ఆపొద్దు.